పెద్దసారు బడికొచ్చిన రోజు

ఆ బుధవారం పొద్దున్నే, పొయ్యి మీద పాలు పొంగే వేళకు మా అక్క ఫోను చేసింది. "చెల్లె, ఇయ్యాల మా బడికి డీఈవో సారు వస్తుండట. నువ్వు పత్రికలకు రాస్తవు గద, ఒక్కసారొచ్చి సూడరాదు" అంది. గొంతు నిండా కంగారు. బడి తనిఖీ సంగతి చెబుతున్నట్టు లేదు, ఇంట్లో ఆడపిల్లను చూడ్డానికి పెళ్లివారు బయల్దేరారని చెబుతున్నట్టు ఉంది.

మా అక్కది వెల్గటూరు మండలంలో గోదావరికి దగ్గరలో ఉన్న చిన్న ఊరు. ఊరి పేరు రాయొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది కాబట్టి రాయడం లేదు. ఆ ఊరి మహిళా సంఘాల సమాఖ్యకు ఆవిడ అధ్యక్షురాలు. 2024లో ప్రభుత్వ బడులన్నిటికీ అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టారు కదా! సమాఖ్య అధ్యక్షురాలే దానికీ అధ్యక్షురాలు. పిల్లల తల్లులు సభ్యులు, హెడ్మాస్టరు కన్వీనరు. అలా తన పొదుపు లెక్కలేవో తను చూసుకునే మా అక్కకి బడి మంచినీళ్లు, మరుగుదొడ్లు, పగిలిన కిటికీ రెక్కలూ అన్నీ వచ్చి ఒళ్లో పడ్డాయి. ఏడో తరగతితో చదువు మానేసిన మనిషి! అందుకే ఆ కంగారు.

జగిత్యాలలో బస్సెక్కి, ధర్మపురి దాటి, ఎడమచేతి వైపు గోదావరిని చూసుకుంటూ వెళ్లాను. నాట్ల రోజులు. మడుల్లో ఆడవాళ్లు నడుములు వంచి పాటలు పాడుకుంటూ నాట్లేస్తున్నారు. ఈ మండలంలోని కోటిలింగాలలోనే శాతవాహనుల తొలి రాజు శ్రీముఖుడి పేరున్న నాణేలు దొరికింది. ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లు నిలిచాక ఆ పక్క ఊళ్లు కొన్ని ఇళ్లూ వాకిళ్లూ వదిలి కొత్త కాలనీలకు మారాయి. రెండువేల ఏళ్ల చరిత్ర ఉన్న నేల మీద పిల్లల బడికి గోడ నిలబెట్టుకోవడం ఎంత కష్టమో ఆరోజే చూశాను.

వాకిట్లో ముగ్గు, గుండెల్లో గుబులు

నేను వెళ్లేసరికి బడి ముందర సానుపు చల్లి, పెళ్లింటి వాకిట్లో వేసినంత ముగ్గు వేశారు. రెండు గదులు, ఒక వరండా, వంటకు రేకుల కొట్టం, మూలకు ఒక వేపచెట్టు. అంతే బడి. మా అక్క చెంగు నడుముకు దోపి, "గా సెత్తబుట్ట ఎనకకు పెట్టుండ్రే" అని కేకలు వేస్తోంది. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ హెడ్మాస్టరుగారు అద్దాలు తుడుచుకుంటూ రిజిస్టర్లు ఒక వరసలో పెట్టుకుంటున్నారు. కొత్త టీచరమ్మ మాత్రం ఇవేమీ పట్టనట్టు ఒకటో తరగతి పిల్లాడి చేత పలక మీద అక్షరాలు దిద్దిస్తోంది. 2024 డీఎస్సీలో ఉద్యోగం వచ్చిన పిల్ల. పాతికేళ్లు దాటి ఎంతో కాలం అయి ఉండదు.

నాకు మా చిన్నప్పటి ఇన్స్పెక్షను గుర్తుకొచ్చింది. అప్పుడు మా సారు ముందురోజే మాకు ఒక కిటుకు నేర్పారు. ఇన్స్పెక్టరుగారు ప్రశ్న అడిగితే అందరూ చెయ్యెత్తాల్సిందే. జవాబు వచ్చినవాళ్లు కుడి చెయ్యి, రానివాళ్లు ఎడమ చెయ్యి. సారు కుడిచేతుల్లోంచే ఒకరిని లేపుతారు. తరగతి మొత్తం చెయ్యెత్తింది చూసి ఇన్స్పెక్టరుగారు ఎంత సంతోషించారో! నేను ఎడమ చెయ్యి ఎత్తిన దాన్నని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఎక్కాలు నాకు ఆ తరువాత రెండేళ్లకు గానీ రాలేదు. ఇన్స్పెక్టరుగారు ఇంకోసారి వచ్చి, ఎడమచేతుల వంక చూసి ఉంటే కాస్త ముందే వచ్చేవేమో.

అక్కకు భయం ముగ్గు గురించీ చెత్తబుట్ట గురించీ కాదని కాసేపటికి తెలిసింది. వేపచెట్టు కిందకు తీసుకెళ్లి చెప్పింది. "అయిదు తరగతులకు కలిపి ఇరవై ముగ్గురు పిల్లలు. ఊర్లె ఇంకా శానమంది ఉన్నరు. పొద్దుగాల పసుపుపచ్చ బస్సులు రెండొస్తయి, ఎత్తుకపోతయి. ఇద్దరో ముగ్గురో ఇంకా పోతే ఒక టీచర్ను వేరేకాడికి పంపుతరట. గట్లయితే ఉన్నోళ్లు సుత పోతరు."

ఆవిడ భయం ఉత్తది కాదు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఒకటి నుంచి అయిదు తరగతుల వరకు అరవై మంది పిల్లలదాకా ఇద్దరు టీచర్లుండాలి. ఊరికి కిలోమీటరు లోపల ప్రాథమిక పాఠశాల ఉండాలి. ఏడాదికి 200 పనిదినాలు నడవాలి. కాగితం మీద ఇంత బలం ఉన్నా, పిల్లలు తగ్గిన బడి నుంచి పిల్లలు ఎక్కువున్న బడికి టీచర్లను సర్దుబాటు చేయడం మనం చూస్తూనే ఉన్నాం. అయిదు తరగతులకు ఒక్క టీచరు మిగిలితే ఏమవుతుందో ఆడవాళ్లకు వేరే చెప్పాలా? ఇంట్లో నలుగురు పిల్లలకు ఒకేసారి జడలు వేయాల్సి వచ్చిన తల్లిని అడగండి.

అన్నట్టు, జిల్లా విద్యాశాఖాధికారి ఈ ఊళ్లకు రావడం ఇదివరకు అరుదే. 2016 అక్టోబరు 11న జగిత్యాల జిల్లా అయ్యేదాకా వీళ్లకు పెద్ద ఆఫీసంటే కరీంనగరే. డీఈవో అంటే కాగితం కింద సంతకం. మండలానికో ఎంఈవో ఉన్నా, చాలా ఏళ్లపాటు ఒక్కొక్కరి నెత్తిన రెండు మూడు మండలాల బరువుండేది. బడి ముఖం చూసే తీరిక ఎక్కడిది?

సారు మొదట వెళ్లింది వంటకొట్టంలోకి

పదకొండు గంటలకు జీపు ఆగింది. పూలదండ పట్టుకుని నిలబడ్డ పిల్లల తలలు నిమిరి, దండ వేయించుకోకుండానే ఆయన వంటకొట్టం వైపు నడిచారు. వెనక ఎంఈవోగారు, ఆ వెనక హెడ్మాస్టరుగారు, అందరికన్నా వెనక మా అక్క.

వంట చేసే అవ్వ కట్టెల పొగలోంచి లేచి కొంగు సర్దుకుంది. గ్యాసు ఉందట గానీ, సిలిండరు ఆఖరుకొచ్చిందని అన్నం మాత్రం కట్టెల మీద వార్చిందట. "ఇయ్యాల ఎంతమంది వచ్చిండ్రు? బియ్యం ఎన్ని పోసినవ్ అవ్వా?" అని అడిగారు సారు. "ఇరవై మంది సారు. రెండు కిలోలు పోసిన" అంది అవ్వ టక్కున. "పప్పు?" "నాలుగు వందల గ్రాములు." "కూరగాయ?" "పాలకూర, టమాట కలిపి కిలో." హెడ్మాస్టరుగారి ప్రాణం కుదుటపడింది.

ఆ లెక్క మనకూ తెలిసి ఉండాలండీ. ప్రాథమిక బడిలో పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. అంతా కలిసి 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలని నిబంధన. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్లకు బియ్యం 150 గ్రాములు, 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు. మీ పిల్లల బడిలో ఎంతమంది తింటున్నారో ఆ సంఖ్యతో గుణించుకోండి, గిన్నెలోకి తొంగి చూస్తే చాలు, తెలిసిపోతుంది. ఇరవై మందికి నాలుగు వందల గ్రాముల పప్పు వండితే గరిటె నిలబడకపోయినా, అడుగు మాత్రం కనపడకూడదు.

బడిలో వండిన అన్నమే పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. మన ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరిలో ఆ వంట మొదలైంది. అంతకుముందు పిల్లలకు నెలకింతని బియ్యం ఇచ్చి ఇంటికి పంపేవాళ్లు. తెలంగాణలో 2015 జనవరి నుంచి సన్నబియ్యం వచ్చాయి. ఇప్పుడు వారానికి మూడు గుడ్లు. గుడ్డు లేని రోజుల్లో పొద్దున రాగిజావ ఇచ్చే పద్ధతి 2023లో మొదలైంది. అవ్వ ఆ జావ గురించి ఒక ముక్క చెప్పింది, మన వంటింటికీ పనికొస్తుంది. పిండిని మరిగే నీళ్లలో పోస్తే ఉండలు కడుతుంది. ముందు చల్లనీళ్లలో పలచగా కలిపి, ఆ తరువాత మరిగే నీళ్లలో సన్నటి ధారగా పోస్తూ గరిటె ఆపకుండా తిప్పాలి. పాలకూర సంగతీ అంతే. ముందు కడిగి తరువాత తరగాలి. తరిగి కడిగితే సారమంతా నీళ్లపాలు. పప్పు అరగంట ముందు నానబెట్టుకుంటే గ్యాసు కలిసొస్తుంది. ఇరవై మందికి వండే అవ్వకే అంత పొదుపు తెలిసింది, మనకేం?

సారు ఒక ప్లేటులో రెండు గరిటెల పప్పన్నం వేయించుకుని నిలబడే తిన్నారు. "ఉప్పు జర తక్కువైంది" అన్నారు. "పోరగాండ్లు గదా సారు, తక్కువే ఏస్త" అంది అవ్వ. అందరూ నవ్వారు. కిరాణా దుకాణంలో ఖాతా పెట్టి సరుకులు తెస్తున్నానని, బిల్లులు చేతికొచ్చేదాకా షావుకారు మొహం చూడలేకపోతున్నానని అవ్వ చెబుతుంటే మాత్రం నవ్వులు ఆగిపోయాయి. సారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. రాసుకున్నంత మాత్రాన బిల్లు వస్తుందా అంటే చెప్పలేను. కానీ ఆవిడ మాట ఒక పుస్తకంలోకి ఎక్కడం అదే మొదటిసారట.

పేజీ తిప్పినప్పుడు

ఇప్పుడు అసలు సంగతి.

మూడో తరగతి వాళ్లు నలుగురు. అందులో ఒక ఆడపిల్ల చిన్ని. అది ఇంటిపిలుపు, బడిపేరు రాయను. రెండు జడలు, కాస్త పెద్దదైన యూనిఫాం, కళ్లలో చురుకు. సారు పుస్తకం చేతికిచ్చి చదవమన్నారు. చిన్ని లేచి నిలబడి పాఠం గడగడా చదివేసింది. ఒక్క తప్పు లేదు. వరండాలో నిలబడ్డ తల్లుల్లో ఆ పిల్ల తల్లి మొహం వెలిగిపోయింది. మా అక్క నా మోచేయి గిల్లింది, చూశావా అన్నట్టు.

సారు పుస్తకం తీసుకుని ఇంకో పేజీ తిప్పి ఇచ్చారు. "ఇది చదువు బిడ్డా."

చిన్ని పేజీ వైపు చూసింది. టీచరమ్మ వైపు చూసింది. మళ్లీ పేజీ వైపు చూసింది. మొదటి అక్షరం పలికింది. రెండోది పలికింది. రెండూ కలిపి మాట చేయలేకపోయింది. గది నిశ్శబ్దమైపోయింది. బయట చెట్టు మీద పిట్ట అరుపు కూడా వినిపించింది. తల్లి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

నేను అనుకున్నాను, ఇక టీచరమ్మ పని అయిపోయిందని. ఆ అమ్మాయి మాత్రం అలమార తెరిచి ఒక రిజిస్టరు తెచ్చి సారు ముందు పెట్టింది. "ఈ పాప ఆ పాఠం విని విని నేర్చుకుంది సార్. చదవడం రాదని నాకు తెలుసు. ఇక్కడ రాసుకున్న" అంది. తెలంగాణలో 2022 ఆగస్టులో తొలిమెట్టు అనే కార్యక్రమం మొదలైంది. ఒకటి నుంచి అయిదు తరగతుల్లో ఏ పిల్ల అక్షరాల దగ్గర ఆగింది, ఏ పిల్లాడు మాటల దగ్గర ఆగాడు, వాక్యాలు ఎవరికి వచ్చాయి అని చూసి రాసుకుని, ఎక్కడ ఆగితే అక్కణ్ణుంచి చెప్పడమే దాని ఉద్దేశం. రిజిస్టరులో చిన్ని పేరు ఎదురుగా 'అక్షరాలు వచ్చు, పదాలు కలపలేదు' అని ఉంది. ఆ పైన తేదీ, ఈ పెద్దసారు వస్తున్నారన్న కబురుకు చాలా ముందుది.

సారు ఆ పేజీని చాలాసేపు చూశారు. హెడ్మాస్టరుగారి నుదుటి మీద చెమటలు. "చాలా బళ్లల్ల రిజిస్టరొక తీరుంటది, పిల్లలొక తీరుంటరు. ఈడ రెండూ ఒక్కతీరున్నయి" అన్నారు సారు చివరికి. మెచ్చుకున్నారో, మందలించారో టీచరమ్మకు అర్థం కాలేదట. నాకు మాత్రం మెచ్చుకున్నట్టే అనిపించింది.

బట్టీ పట్టించడం టీచర్ల తప్పేనా అంటే, పూర్తిగా కాదు. ఇంగ్లండులో 1862 నుంచి ఒక పద్ధతి పెట్టారు. ఇన్స్పెక్టరు వచ్చిన రోజు పిల్లలు ఎంత బాగా చదివితే బడికి అంత సొమ్ము. ఏం జరిగిందో ఊహించండి. పిల్లల చేత పుస్తకాలన్నీ కంఠతా పట్టించేశారు. అప్పట్లో మాథ్యూ ఆర్నాల్డ్ అనే పేరున్న కవి ముప్పైఅయిదేళ్లు బడుల ఇన్స్పెక్టరుగా తిరిగాడు. ఈ పద్ధతి చదువును చంపేస్తుందని ఆయన పోరుతూనే ఉన్నాడు. డబ్బు కోసం కానివ్వండి, మెప్పు కోసం కానివ్వండి, ఒక్కరోజు పరీక్షకు బడిని కట్టేస్తే పిల్లలకు కుడిచెయ్యీ ఎడమచెయ్యీ నేర్పుతాం గానీ చదువు నేర్పం.

మంచి ఇన్స్పెక్టరు వస్తే ఏం జరుగుతుందో కూడా మన దగ్గరే ఉదాహరణ ఉంది. 1906-07 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర కోస్తా జిల్లాల బడులకు ఇన్స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు నేర్చుకుంటున్న మనిషి. జనం ఇంట్లో, వీధిలో మాట్లాడే తెలుగొకటి, బడిలో చెప్పే తెలుగొకటి ఎందుకున్నాయని ఆయనకు అనుమానం వచ్చింది. విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగాడు. ఆయన గిడుగు రామమూర్తిగారిని, గురజాడ అప్పారావుగారిని చూపించాడు. వ్యావహారిక భాష ఉద్యమానికి అక్కడ బీజం పడింది. ఈ పేజీలో మీరూ నేనూ ఇలా మాట్లాడుకుంటున్న తెలుగు వెనక ఒక బడి తనిఖీ ఉందన్నమాట!

వెల్గటూరు పిల్లలకు ఆ సమస్య ఇంకో రూపంలో వచ్చింది. ఈ ప్రాంతంలో నిజాం కాలంలో చదువంతా ఉర్దూ. సిరిసిల్ల దగ్గరి హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డిగారంతటి కవి ఉర్దూ మీడియంలో చదువుకున్నారు. ఆ తరువాత తెలుగు వచ్చింది గానీ పుస్తకంలో తెలుగు ఇంటి తెలుగు కాదు. 2022-23 నుంచి ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు మీడియం. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఆరోజు సారు బొమ్మల కార్డు చూపించి ఇదేమిటని అడిగితే ఒకటో తరగతి బుడతడు "మక్క కంకి" అన్నాడు. కార్డు కింద మొక్కజొన్న అని రాసి ఉంది. "మక్కనే రా" అని సారు వాడి బుగ్గ గిల్లారు. ఆ ఒక్కమాటకు వాడు ఆరోజంతా సారు వెనకాలే తిరిగాడు.

"బస్సెక్కియ్యాల్నా, వద్దా?"

మధ్యాహ్నం అన్నాలయ్యాక వరండాలో తల్లుల సమావేశం. పది పదకొండు మంది వచ్చారు. నాట్లకు పోయినవాళ్లు రాలేదు. వచ్చినవాళ్లలో సగం మంది బీడీలు చుట్టేవాళ్లే. ఇద్దరైతే చాట, తునికాకు కట్ట వెంట తెచ్చుకుని, మాట్లాడుతూనే చుడుతున్నారు. వెయ్యి బీడీలు పూర్తయితే గానీ ఆ రోజు కూలీ చేతికి రాదు మరి.

ముందు యూనిఫాం మాట వచ్చింది. బడి బట్టలకు గుడ్డ సిరిసిల్ల మరమగ్గాల మీద నేస్తారు, కుట్టు పని 2024 నుంచి మహిళా సంఘాలకు అప్పజెప్పారు. జతకు కుట్టుకూలీ యాభై రూపాయల నుంచి డెబ్బై అయిదుకు పెంచారు. మా అక్క సంఘంలో ఆరుగురు కుడుతున్నారు. "కొలతలు ఒక్కరోజే తీసుకుంటరు, బట్టలు వచ్చేసరికి పోరలు పెరుగుతరు" అని ఒకావిడ. "అందుకే మేం అంచుకు రెండు అంగుళాలు మలిచి కుట్టినం, విప్పుకో" అని మా అక్క. నిజమే, పిల్లల బట్టలకు అంచు ఎక్కువ వదలడం ఏ కుట్టుమిషను ఆవిడకైనా తెలిసిన సంగతే. గౌనుకు నడుము దగ్గర కూడా ఒక మడత దాస్తే రెండో ఏడాదీ వస్తుంది.

అప్పుడు చిన్ని తల్లి లేచింది. చాట పక్కన పెట్టి, తంబాకు చేతులు చీరకు తుడుచుకుని నిలబడింది. భర్త మస్కట్‌లో ఉంటాడు. అత్త మంచాన పడింది. ఒక్కతే.

"సారు, నాకు సదువు రాదు. నా బిడ్డ పొద్దుగాల పుస్తకం వట్టుకొని గడగడ సదువుతుంటె సదువొచ్చిందనుకున్న. ఇయ్యాల మీరు పేజీ తిప్పినంక ఎర్కయింది. వాళ్ల బాపు పోను జేసినప్పుడల్లా బస్సు బడికి తోలు, పైసలు పంపుత అంటడు. నేనే ఊర్లె బడి ఉండంగ ఎందుకని ఆపుకుంటొస్తున్న. ఇప్పుడు నా బిడ్డను ఈడ ఉంచాల్నా, బస్సెక్కియ్యాల్నా, మీరే చెప్పుండ్రి."

మా అక్క తల దించుకుంది. ఈ ఒక్క పిల్ల వెళితే ఇరవై రెండు. ఆ పిల్లను చూసి ఇంకో ఇద్దరు.

సారు వెంటనే జవాబు చెప్పలేదు. ఇక్కడే ఉంచు అంటారని అందరూ ఎదురు చూశారు, పదవిలో ఉన్నవారు అనేది అదే కదా! ఆయన టీచరమ్మను అడిగారు: "ఎన్ని రోజులు పడ్తది?" టీచరమ్మ గొంతు సవరించుకుని, "రోజూ వస్తే దసరా సెలవుల లోపల చిన్న చిన్న వాక్యాలు చదివిస్త సార్" అంది. "రోజూ వస్తే" అన్న మాట దగ్గర చిన్ని తల్లి కళ్లు దించుకుంది. సంగతేమిటంటే, అత్తను ఆసుపత్రికి తీసుకుపోయిన రోజుల్లో, బీడీలు కార్ఖానాకు అప్పజెప్పే రోజుల్లో చిన్నే ఇంట్లో కాపలా. హాజరు పట్టికలో జూలై నెలలో ఏడు రోజులు లేవు.

"అమ్మా, టీచరు మాటిచ్చింది. నువ్వు సుత ఒక మాటియ్యి, రోజూ పంపు. దసరాకు ముందు వచ్చి ఇదే పుస్తకం, వేరే పేజీ నేనే చదివిపిస్త. అప్పటికి రాకపోతే నీ ఇష్టం" అన్నారు సారు. విజిటర్స్ బుక్కులో మూడు వాక్యాలు రాశారు. మెచ్చుకోలు ఒకటి, ఇద్దరు టీచర్లనూ ఈ ఏడాది ఇక్కడే కొనసాగించాలని ఒకటి, దసరాకు ముందు మళ్లీ రావాలని ఒకటి. మా అక్క ఆ పేజీని తన ఫోనులో ఫొటో తీసి పెట్టుకుంది. అవసరమొస్తే చూపించడానికట. పొదుపు సంఘం నడిపిన మనిషి, కాగితం విలువ తెలుసు!

ఒకటి చెప్పాలి. అమ్మ కమిటీ ఒక్కటే కాదు, విద్యాహక్కు చట్టంలోనే ప్రభుత్వ బడికి యాజమాన్య కమిటీ ఉండాలని ఉంది. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు. బడికి వచ్చిన నిధులు ఎలా ఖర్చయ్యాయో చూసే అధికారం దానికి ఉంది. పక్క ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశాలు పెట్టారు. అలాంటి రోజుల్లో మనం వెళ్లి కుర్చీలో కూర్చుని సమోసా తిని రావడం కాదు, "మా పిల్ల ఏ పేజీ దాకా వచ్చింది?" అని అడగాలి. చిన్ని తల్లికి అక్షరం రాదు. అయినా ఆరోజు వరండాలో అడగాల్సిన ప్రశ్న అడిగింది ఆవిడే.

జీపు వెళ్లిపోయాక టీచరమ్మ చిన్ని తల్లిని కూర్చోబెట్టి ఒక ఉపాయం చెప్పింది. చదువు రాని తల్లి కూడా ఇంట్లో చదివించవచ్చట. సబ్బు పొట్లం మీద, ఉప్పు ప్యాకెట్టు మీద, గోడ క్యాలెండరు మీద, బీడీ కట్ట చుట్టే కాగితం మీద ఏ మాట కనిపించినా పిల్ల చేత చదివించాలి. పుస్తకంలో పాఠమైతే వింటూ వింటూ కంఠతా వచ్చేస్తుంది, ప్యాకెట్టు మీది మాట అలా రాదు. పిల్ల తప్పు చదివితే ఎలా తెలుస్తుంది అని తల్లి అనుమానం. "ఉప్పు ప్యాకెట్టు పట్టుకుని చక్కెర అని చదివితే తెలుస్తది గద" అంది టీచరమ్మ. తల్లి మొహంలో ఆరోజు మొదటిసారి నవ్వు చూశాను.

నేను సాయంత్రం బస్సుకు వచ్చేశాను. తరువాత అక్కతో ఫోనులో మాట్లాడినప్పుడల్లా ముందు చిన్ని సంగతే అడుగుతున్నాను. ఆగస్టులో రెండురోజులే బడి మానిందట. అత్తను ఆసుపత్రికి తీసుకువెళ్లే రోజు ఇంటికి కాపలాగా మా అక్కే ఎవరో ఒకరిని పంపుతోంది. వంట అవ్వ బిల్లు కొంత వచ్చింది, కొంత రావాల్సి ఉంది. హెడ్మాస్టరుగారు కిటికీ రెక్కలు పెట్టించారు.

పోయిన శుక్రవారం మస్కట్ నుంచి చిన్ని వాళ్ల నాన్న వీడియో ఫోను చేశాడట. వాళ్లకు శుక్రవారం సెలవు కదా. చిన్ని టీపొడి ప్యాకెట్టు తెచ్చి ఫోను ముందు పెట్టి, ఒక్కొక్క మాట కూడబలుక్కుంటూ ముందు వైపంతా చదివిందట. ఒకచోట తప్పు చదివింది, మళ్లీ తనే దిద్దుకుంది. "ఎనక దిక్కు సుత సదువు" అన్నాడట తండ్రి. వెనక అక్షరాలు చిన్నవి, సగం ఇంగ్లీషు. అక్కడ ఆగిపోయింది.

బస్సు మాట ఆ రోజు తండ్రి ఎత్తలేదట. తల్లి కూడా ఎత్తలేదు. దసరా ఇంకా మూడు వారాలుంది.